తంబుర ఊగకూడదు: వీణ ఎల్పీతో ఏడు వారాలు

నిన్న రాత్రి పదకొండున్నర ప్రాంతంలో, కంప్యూటర్‌లోకి ఎక్కించి శుభ్రం చేసే పనిలో ఏడు వారాలుగా నన్ను వేధిస్తున్న వీణ ఎల్పీ మొదటి వైపు చివరి అయిదు నిమిషాల్లో, తంబుర శ్రుతి మొట్టమొదటిసారి ఊగకుండా నిలబడింది. ఊగు పూర్తిగా పోలేదు. పైకి 2, కిందికి 2 సెంట్లు (సెంటు అంటే అరస్వరంలో నూరో వంతు) ఇంకా మిగిలే ఉంది. అయితే మొదలుపెట్టిననాడు అదే చోట అది 16 సెంట్లు ఉండేది కనుక, ఈ ఒక్క రాత్రికి దీన్ని విజయంగానే జమ వేసుకుంటున్నాను.

ఈ రికార్డులోని మిగతా చిక్కులు తీరిపోయాయి. టపటపలను తీసేటప్పుడు వీణ మీటు కూడా తెగిపోవడం ధ్వనిని వెనక్కి తిప్పి క్లిక్‌రిపేర్ అనే సాఫ్ట్‌వేర్ నడపడంతో ఆగింది. అరిగిన గాడిలోని గరగర, ఆడియో-టెక్నికా 95ఈ సూది తీసి 95ఎంఎల్ సూది పెట్టడంతో సగానికి పైగా తగ్గింది. కార్ట్రిడ్జ్ (సూదిని పట్టి ఉంచే భాగం) మీద వేలు పోసేవారు ముందు సూది మొన ఆకారం సంగతి చూసుకోవాలన్నది నా అభిప్రాయం.

ఇక అసలు తంటా. ఈ రికార్డు నడిమి బెజ్జం గాడుల కేంద్రంలో లేదు. రికార్డు తిరుగుతున్నప్పుడు టోన్ ఆర్మ్ (సూదిని మోసే చేయి) కొస పక్కకు ఊగే దూరాన్ని స్కేలు పెట్టి వీడియో తీసి కొలిస్తే 1.2 మిల్లీమీటర్లు వచ్చింది; అంటే బెజ్జం 0.6 మిల్లీమీటర్లు తప్పింది. సాధారణంగా అనుమతించే తేడా 0.2 మిల్లీమీటర్లు మాత్రమే. దీనివల్ల సూది కింద గాడి వేగం ఒక్కో చుట్టులో ఒకసారి పెరిగి ఒకసారి తగ్గుతుంది. 33⅓ వేగానికి చుట్టు కాలం 1.8 సెకన్లు కాబట్టి, శ్రుతి కూడా సరిగ్గా 1.8 సెకన్లకోసారి ఊగుతుంది. తప్పిన దూరాన్ని గాడి వ్యాసార్థంతో భాగిస్తే ఊగు ఎంతో తెలుస్తుంది: అంచు దగ్గర, 145 మిల్లీమీటర్ల వద్ద, 0.41 శాతం, అంటే 7 సెంట్లు; లోపల 65 మిల్లీమీటర్ల వద్ద 0.92 శాతం, అంటే 16 సెంట్లు. టర్న్‌టేబుల్ దోషమైతే లోపలికి పోయేకొద్దీ ఇలా పెరగదు. నా టర్న్‌టేబుల్ టెక్నిక్స్ 1200 మీద ఆ అనుమానం మొదటి రోజే వదిలేశాను.

సినిమా పాటలో ఇంత ఊగు ఉన్నా చాలామంది పట్టించుకోరు. వీణ కచేరీలో తంబుర నిరంతరం మోగుతూ ఉంటుంది గనుక దాక్కోవడానికి చోటు లేదు. అయితే ఆ తంబురే మందు కూడా. ఇందులో ఆధార షడ్జం సుమారు 165 హెర్ట్జ్, అక్కడ 0.92 శాతమంటే 1.5 హెర్ట్జ్ మాత్రమే, స్పెక్ట్రోగ్రామ్‌లో (ధ్వనిలోని ఫ్రీక్వెన్సీలను తెర మీద చూపే చిత్రం) కంటికి ఆనదు. తంబుర గుర్రం (తీగెలు ఆనే దిమ్మ) మీద వేసే దారం పుణ్యమా అని పై హార్మోనిక్‌లు (ఆధార ఫ్రీక్వెన్సీకి రెట్లుగా మోగే ధ్వనులు) దండిగా ఉంటాయి. పదో హార్మోనిక్, 1650 హెర్ట్జ్ దగ్గర, అదే ఊగు 15 హెర్ట్జ్ అవుతుంది. తెర మీద పాము పాకినట్టు స్పష్టంగా కనిపించింది.

మొదటి ప్రయత్నం ఐజోటోప్ ఆర్‌ఎక్స్ అనే ధ్వని సవరణ సాఫ్ట్‌వేర్‌లో ఊగును తీసే పరికరం, వావ్ అండ్ ఫ్లట్టర్. అది ఊగును తీసింది, దానితోపాటు తోడి రాగంలోని గాంధారాన్నీ చదును చేసింది. వేగంగా కదిలే కంపితం జోలికి అది పోలేదు గానీ, ఒకటి రెండు సెకన్లు సాగే జారును మాత్రం యంత్ర దోషంగా భావించి నిటారుగా నిలబెట్టింది. రికార్డు నాకు అరువిచ్చిన సంగీతం మాస్టారు రెండు నిమిషాలు విని, "ఇది ఆ వైణికురాలు వాయించిన గాంధారం కాదు నాయనా, హార్మోనియం మెట్టులా ఉంది" అన్నారు. గమకం (స్వరాన్ని ఊపి, జార్చి పలికించడం) ఉన్న సంగీతానికి ఇటువంటి స్వయంచాలక పరికరాలను నేరుగా వాడకూడదని నేను ఆ రోజే నిర్ణయించుకున్నాను.

బెజ్జాన్ని ఆకురాయితో గుండ్రంగా పెంచి, చివర్లో ఉండే మూసిన గాడిలో సూది ఉంచి, ఆర్మ్ ఊగడం మానేవరకు రికార్డు అంచును పెన్సిల్ రబ్బరుతో తడుతూ కేంద్రానికి తెచ్చుకోవడం అన్నిటికంటే ఉత్తమమైన పద్ధతి. పనికిరాని రికార్డు మీద ప్రయత్నించి 0.1 మిల్లీమీటరు వరకు దించగలిగాను. (లేబుల్ అచ్చును నమ్ముకోవద్దు, అది గాడులతో సమకేంద్రంగా ఉండాలన్న నియమమేమీ లేదు.) కానీ ఇది మాస్టారి రికార్డు, ఆకురాయి మాట ఎత్తగానే ఆయన దాన్ని వెనక్కి తీసుకోబోయారు. 1980ల నాటి నకమిచి టీఎక్స్-1000 టర్న్‌టేబుల్ ఈ పని తానే చేసుకునేది. అది నా జీతానికి అందదు.

అందుచేత లెక్కకు దిగాను. 1.8 సెకన్ల సైన్ వక్రరేఖ ఒకటి, లోపలికి పోయేకొద్దీ వ్యాసార్థం ప్రకారం పెరిగేది, గీసి దాని విలోమంతో వేగం సవరించాను. అంచు దగ్గర అద్భుతంగా కుదిరింది. ఇరవయ్యో నిమిషానికి వచ్చేసరికి 5 సెంట్ల ఊగు మళ్లీ తల ఎత్తింది. ఈ 5 సెంట్ల మీదే పది రోజులు గడిచిపోయాయి.

ప్లాటర్ (రికార్డు ఆనే పళ్లెం) వేగం జారుతోందని మొదట అనుకున్నాను. పరీక్ష రికార్డులోని 3150 హెర్ట్జ్ స్వరంతో చూస్తే నిశ్చలంగా ఉంది. కంప్యూటర్‌కు కలిపే ఇంటర్‌ఫేస్ గడియారం మీద అనుమానపడి మరో ఇంటర్‌ఫేస్‌తో మళ్లీ ఎక్కించాను, అదే 5. రికార్డు వంపు వల్లనేమోనని బరువు పెట్టి చూశాను, అదే 5. ఊగు పరిమాణం లెక్క తప్పిందేమోనని ప్రతి రెండు నిమిషాలకూ కొలిస్తే, 7 నుంచి 16 వరకు గీసిన గీత మీదే పడింది. పరిమాణం సరే, కాలం సరే, మరి మిగిలింది ఏది?

చివరికి లేబుల్ అంచున సుద్దముక్కతో చుక్క పెట్టి వీడియో తీశాను. మొదటి నిమిషంలో శ్రుతి శిఖరానికి చేరేటప్పుడు చుక్క ఎక్కడ ఉందో, చివరి నిమిషంలో అక్కడ లేదు. చుట్టులో ఇరవయ్యో వంతు, అంటే సుమారు 0.09 సెకన్లు, జరిగింది. అప్పుడు వెలిగింది. టోన్ ఆర్మ్ సరళరేఖలో లోపలికి రాదు, చాపం మీద వస్తుంది. నా ఆర్మ్ ప్రభావ నిడివి (ఇరుసు నుంచి సూది వరకు) 230 మిల్లీమీటర్లు, దాని ఇరుసు నుంచి స్పిండిల్‌కు (రికార్డు బెజ్జంలో దూరే కడ్డీ) దూరం 215. త్రిభుజం లెక్క వేస్తే స్పిండిల్ నుంచి చూసినప్పుడు సూది ఉన్న దిశ, 145 వద్ద 77 డిగ్రీలు, 65 వద్ద 95 డిగ్రీలు. ఆ 18 డిగ్రీల తేడాయే నా సవరణను చివర్లో ఊగుతో కలవనివ్వకుండా చేసి, 16 సెంట్లలో దాదాపు మూడో వంతును మిగిల్చింది. పదో తరగతి త్రికోణమితిని పది రోజులు మరిచిపోయినందుకు నన్ను నేనే తిట్టుకున్నాను. ఆ కోణాన్ని వక్రరేఖలో చేర్చిన తరువాతే నిన్నటి 2 సెంట్లు. గాంధారం ఎక్కడిదక్కడే ఉంది. మాస్టారికి ఇంకా వినిపించలేదు.

పెద్ద సంస్థలు పాత ఆల్బమ్‌లను మళ్లీ మాస్టర్ చేసేటప్పుడు ఈ బాధ లేకుండా మూల టేపు దాకా వెళతాయి. జాజ్ ట్రంపెట్ విద్వాంసుడు మైల్స్ డేవిస్ ఆల్బమ్ "కైండ్ ఆఫ్ బ్లూ" మొదటి వైపు సంగీతాన్ని 1959లో పట్టిన యంత్రం కాస్త నెమ్మదిగా తిరగడంతో, తరువాతి అచ్చులన్నిటిలో శ్రుతి కొంచెం హెచ్చుగా వినిపించేది. ఆ రోజే రెండో యంత్రం మీద సరైన వేగంతో పట్టిన టేపు నుంచి 1992 సంచికలో దాన్ని సరిదిద్దారు. రికార్డు చేసేటప్పుడు యంత్రం కలిపే, టేపు మీదే మిగిలిపోయిన బయాస్ సంకేతాన్ని పట్టుకొని ఊగును సరిచేసే ప్లాంజెంట్ పద్ధతి కూడా ఉంది. గాడిలోకి ఆ సంకేతం దిగదు కాబట్టి, మనకు తంబురే బయాస్.

ఊగు పోయాక మరొకటి బయటపడింది. మొదటి వైపు ఆరంభం నుంచి ముగింపుకు షడ్జం 11 సెంట్లు దిగింది. తీగె వదులైందా, టేపు యంత్రం జారిందా? తేల్చడానికి ఒక దారి తోచింది: రికార్డింగులో కలిసిన కరెంటు హమ్ (50 హెర్ట్జ్, దాని రెట్ల దగ్గర వినిపించే గుంయిమనే మోత). సవరణకు ముందటి ఫైలులో రికార్డుతోపాటు ఊగే హమ్ గాడిలోది, ఊగకుండా నిలిచేది నా ప్రీ-యాంప్లిఫయర్‌ది. 50 హెర్ట్జ్ వద్ద తేడా కనిపించదు గనుక 150, 250 హెర్ట్జ్ దగ్గర వెదుకుతాను. గాడిలోని హమ్ కూడా 11 సెంట్లు జరిగితే నా అనుమానం టేపు యంత్రం మీదికి పోతుంది. ఆనాటి కరెంటు ఫ్రీక్వెన్సీ తానే కదిలేది కాబట్టి అది పూర్తి రుజువు కాదు.

రెండో వైపు ఇంకా ముట్టుకోలేదు. ఆ వైపు స్టాంపర్ (రికార్డును అచ్చువేసే అచ్చు పలక) వేరు కాబట్టి తప్పు కూడా వేరు: ఆర్మ్ ఊగు 0.5 మిల్లీమీటర్లే, దిశ వేరే. సుద్దచుక్క మళ్లీ పెట్టాలి. ఆదివారం మాస్టారు రికార్డు తీసుకెళ్లడానికి వస్తున్నారు. ఆలోపు రెండు వైపులనూ ఒకసారి 45 వేగంతో కూడా ఎక్కించి దాచుకోవాలి, అప్పుడు ఊగు 1.33 సెకన్లకు మారుతుంది గనుక రెండు ఫైళ్లనూ పోల్చి లెక్క సరిచూసుకోవచ్చు.