జాలీకి అటూ ఇటూ: ఎనిమిదో రోజు

ఆదివారం, విజయవాడ

పొద్దున్నే తొట్టి మీద గుడ్డ తీయగానే చూడాల్సింది ఒక్కటే: లోపలున్న రెండు జెర్బిల్స్ (ఎలుకల్లాంటి చిన్న పెంపుడు జంతువులు) ఎక్కడ పడుకున్నాయని. కొత్తగా వచ్చిన నల్లది తొట్టి నడుమ అడ్డుపెట్టిన జాలీని ఆనుకుని కాగితం పీలికల్లో ముడుచుకుంది. పాతదైన గోధుమరంగుది మాత్రం అవతలి మూలకి, తొట్టిలో ఎంత దూరం పోవచ్చో అంత దూరం పోయి పడుకుంది. అంటే ఇవాళ అడ్డు తీసి రెండింటినీ కలపడం లేదు. క్యాలెండర్లో ఇవాళ్టి తేదీ చుట్టూ గీసిన సున్నా సంగతి తర్వాత.

వారం రోజులు జాలీ పెట్టాక కూడా కొట్టుకున్నాయని చాలామంది అంటుంటారు. జెర్బిల్స్‌కి వారాలు తెలియవు, వాసన తెలుసు. పొట్ట కింద ఉండే గ్రంథిని నేలకి రుద్ది తమ హద్దు గుర్తు పెట్టుకుంటాయి. ఆ వాసన ఉన్నవాళ్లే కుటుంబం, లేనిది వస్తే దొంగే. ఆడుకుంటాయిలే అని పెద్దదాని ఇంట్లో కొత్తదాన్ని వదిలితే నిమిషాల్లో రక్తం కారుతుంది, ప్రాణం పోయినా పోతుంది. కాబట్టి ఈ పనంతా రెండు వాసనల్ని ఒక్కటి చేయడానికే. కొత్తదాన్ని తెచ్చిన మొదటి రెండు వారాలు వేరే గదిలో ఉంచాలి. తుమ్ములు, విరేచనాలు, చర్మం మీద పొలుసులు లేవని తేలాకే తొట్టి దగ్గరికి తీసుకురావాలి.

తొట్టి రెండడుగుల పొడవు గాజుది. నడుమ జాలీ ఒకటి కాదు, రెండు. పావు అంగుళం కన్నాలున్న వెల్డ్‌మెష్‌ని వన్‌టౌన్ హార్డ్‌వేర్ కొట్లలో అడిగిన కొలతకి కోసి ఇస్తారు. రెండు ముక్కల్నీ సన్నటి చెక్క రీపర్‌కి అటూ ఇటూ బిగిస్తే మధ్యలో సెంటీమీటరు ఎడం వస్తుంది. ఒక్క జాలీయే పెడితే దాని మీదికెక్కినప్పుడు అవతలిది కాలివేళ్లు కొరికేస్తుంది. అడ్డు పై మూత దాకా ఉండాలి, మూలల్లో బొటనవేలు దూరేంత సందు కూడా మిగలకూడదు. మామూలుగా జెర్బిల్స్‌కి జానెడు లోతు పొట్టు పోస్తాం కదా, ఇప్పుడు రెండంగుళాలు మించితే అడ్డు కిందినుంచి సొరంగం తవ్వుతాయి. పొట్టు కోసం వడ్రంగి దగ్గరికి వెళితే ప్లైవుడ్ కోసినది మాత్రం వద్దు, అందులో జిగురు ఉంటుంది. తెల్ల కాగితం పీలికలూ ఎండుగడ్డీ చాలు.

ఆరున్నరకి మొదటి మార్పిడి. జంతువులు మారతాయి, పరుపు మారదు, అసలు కిటుకు అదే. ఇది దాని గూట్లో, అది దీని గూట్లో పడుకోవాలి. రోజుకి మూడు నాలుగుసార్లు చేయాలి. అట్టగొట్టం పెడితే తామే దూరతాయి, గొట్టంతో సహా ఎత్తి అవతల దించడమే. తోక పట్టుకుని మాత్రం ఎత్తకూడదు. తోక చర్మం ఒర లాగా ఊడి చేతికొస్తుంది, మళ్లీ మొలవదు. అవి పొర్లి ఒళ్లు శుభ్రం చేసుకునే ఇసుక గిన్నె ఒక్కటే ఉంచి, దాన్నీ ఒక్కోసారి ఒక్కో వైపు పెడితే వాసన ఇంకా బాగా కలుస్తుంది. కృష్ణ ఇసుకే, జల్లించి, కడిగి, మూకుట్లో వేయించి చల్లార్చింది. ముసురు పట్టిన రోజుల్లో అది చెమ్మగిల్లుతుంది, బొచ్చు జిడ్డుదేరుతుంది. అప్పుడు మళ్లీ వేయించడమే. ఈ రోజుల్లో తొట్టిని సబ్బుతో కడగొద్దు, అన్ని రోజుల కష్టమూ నీళ్లపాలవుతుంది. సాంబ్రాణి వేస్తే తొట్టిని ఇంకో గదిలో పెట్టాలి.

మధ్యాహ్నం రెండో మార్పిడి. ఒక్కోదానికీ ఐదారు గ్రాముల కొర్రలు, సజ్జలు, కాస్త ఓట్స్. పొద్దుతిరుగుడు గింజలు రెండు చాలు, వదిలేస్తే అవి తప్ప ఇంకేం ముట్టవు. గోధుమరంగుది జాలీ దగ్గరికొచ్చి వాసన చూసి, బొచ్చు ఉబ్బించి, తీగని కసిగా కొరికింది. పొద్దున చూసినదానికి ఇదే సాక్ష్యం. వాసన చూసి, పట్టించుకోకుండా వెనక్కి పోయి తవ్వుకుంటే అది మంచి గుర్తు.

జత ఎంపిక దగ్గరే సగం పని అయిపోతుంది. పెద్ద మగదానికి పది వారాలలోపు మగపిల్ల అయితే తేలిక. పెద్ద ఆడవి రెండైతే కష్టం. రెండు పాత జతల్ని కలిపి నాలుగు చేద్దామనే ఆలోచనే వద్దు. కొట్టువాడు మగదన్నా మనం తిప్పి చూసుకోవాలి: మగవాటిలో మలమూత్రాల రంధ్రాలు రెండింటి మధ్య ఎడం ఎక్కువ. పొరపాటైతే ఇరవై ఐదు రోజుల్లో పిల్లలు, వాటి వెనకే ఇంకో ఈత. మేలో విజయవాడ ఎండల్లో అయితే ఈ పని తలపెట్టనే కూడదు, వేడికి డస్సిపోయినవాటికి ఓర్పు ఉండదు.

కలిపే రోజుకి కావాల్సినవి బల్లకింద సిద్ధంగా ఉన్నాయి. అడుగు వెడల్పున్న, రెండింటికీ కొత్తదైన ప్లాస్టిక్ టబ్బు. రెండు వైపుల నుంచీ చెరి గుప్పెడు పరుపు. వెల్డింగువాళ్ల తోలు గ్లౌజులు. చక్రం, ఇల్లు ఏవీ ఉండవు, ఉంటే వాటికోసమే తగువు. తరమడం, ఎక్కడం, వెనక కాళ్ల మీద నిలబడి ముందు కాళ్లతో తోసుకోవడం మామూలే, చూస్తూ ఊరుకోవాలి. ఒళ్లు విల్లులా వంచి, బొచ్చు లేపి, పక్కవాటుగా నడిస్తే చెయ్యి దగ్గర పెట్టుకోవాలి. రెండూ బంతిలా చుట్టుకుని దొర్లాయా, ఆ క్షణమే విడదీయాలి, మళ్లీ జాలీయే. ఒకదాన్నొకటి నాకి, ఒకే కుప్పలో నిద్రపోయాక కూడా ఆ రాత్రి పక్కనే కూర్చోవాలి. ఆ తర్వాత రెండు వారాలు చిన్న చోటులోనే ఉంచి సామాన్లు ఒక్కొక్కటిగా చేర్చాలి. ఒక్కసారే పెద్ద తొట్టిలో వదిలితే చెరో సగం పంచుకుని మళ్లీ పగవాళ్లవుతాయి.

ఐదింటికి మూడోది. రాత్రి పదింటికి నాలుగోది. గోధుమరంగుది అవతలకి వెళ్లి నల్లదాని కాగితం గుట్టని మూడుసార్లు చుట్టి, పొట్ట రుద్ది, ఇంతలోనే బయటికొచ్చి మూలకి పోయింది. పది నిమిషాల తర్వాత చూస్తే గుట్టలోంచి ఒక కాగితం పీలిక లాక్కొచ్చుకుని దాని మీద పడుకుని ఉంది.