కాలేజీ మ్యూజియంలో, మన పక్కూరి గుడ్డ ముందు పోయిన పరువు

మార్కులు ఇవాళ పొద్దున్నే వచ్చాయి, కోపం చల్లారకముందే రాసేస్తున్నా.

నేను అమెరికాలో కంప్యూటర్ సైన్స్ రెండో సంవత్సరం. డిగ్రీ చేతికి రావాలంటే ఆర్ట్స్ వైపు ఒక కోర్సు తప్పదు. తేలిగ్గా అయిపోతుందని సీనియర్లు చెబితే ఆర్ట్ హిస్టరీ తీసుకున్నా, వాళ్లకి నా ఉసురు తగులుతుంది. ఈ కోర్సుకి పరీక్ష లేదు. కాలేజీ మ్యూజియంలో ఒక వస్తువు ఎంచుకుని, క్లాసు ముందు దాని గురించి మాట్లాడి, తర్వాత పేపర్ రాయాలి. కాలేజీ పేరు చెప్పను, ఇంకా రెండేళ్లు ఇక్కడే ఉండాలి.

కాలేజీకి మ్యూజియం ఎందుకని మొదట నాకూ అనిపించింది. ఇక్కడ ఇది పాత అలవాటే. యేల్‌లో 1832 నుంచీ ఉంది, మెడిసిన్ పిల్లల్ని కూడా పెయింటింగుల ముందు నిలబెట్టి, రోగిని చూసినంత జాగ్రత్తగా చూడటం నేర్పిస్తారట. ఒబర్లిన్ అనే కాలేజీలో సెమిస్టర్‌కి 5 డాలర్లు కడితే అసలు బొమ్మనే హాస్టల్ గదికి తెచ్చుకుని గోడకి తగిలించుకోవచ్చు, దానికోసం పిల్లలు ముందురోజు రాత్రే వచ్చి బయట పడుకుంటారు. మమ్మల్ని స్కూలు టూర్‌లో సాలార్‌జంగ్‌కి తీసుకెళ్లి, గడియారం గంట కొట్టేదాకా నిలబెట్టి, బస్సెక్కించి తెచ్చేశారు. అంతే నా మ్యూజియం చదువు.

ఎంచుకున్న వస్తువుని దగ్గర్నుంచి చూడాలంటే అపాయింట్‌మెంట్ రెండు వారాల ముందు అడగాలి. నా ఫారం రెండుసార్లు తిప్పికొట్టారు, వస్తువు నంబరు వేయలేదని. నంబరు కేటలాగ్‌లో బొమ్మ కిందే ఉంటుంది, మొదటి అంకెలు మామూలుగా అది మ్యూజియంకి వచ్చిన సంవత్సరం. ఆ ఒక్క ముక్క డెస్క్ దగ్గరున్నాయన మొదటిసారే చెప్పొచ్చు, చెప్పడు. బ్యాగు లాకర్లో పెట్టాలి, పెన్ను నిషేధం, పెన్సిల్ తీసుకెళ్లండి. జెల్ పెన్ను జేబులో పెట్టుకుని లోపలికి నడిచిన మొనగాణ్ణి నేనే.

ఇక అసలు సంగతి. కేటలాగ్‌లో ఒక పెద్ద అద్దకం గుడ్డ కనబడింది, మధ్యలో చెట్టు, చుట్టూ పూలు, పక్షులు. కోరమండల్ తీరం, 1750 ప్రాంతం అని రాసుంది. నాది గుడివాడ. మచిలీపట్నం రైలెక్కితే కలంకారీ పెడన మీదుగానే పోతాం. ఇంకేం, మనదే కదా, చదవకుండానే మాట్లాడొచ్చు అనుకున్నా.

ఆ రోజు గదిలో లైట్లు బాగా తగ్గించారు, వెలుతురుకి పాత రంగులు పోతాయట. గుడ్డ బల్ల మీద పరిచి ఉంది. చుట్టూ పద్నాలుగు మంది. నేను మొదలుపెట్టా, మచిలీపట్నం గోల్కొండ వాళ్ల రేవు అని, డచ్చివాళ్లు 1605లో, ఇంగ్లీషువాళ్లు 1611లో వచ్చి దిగారని, ఈ గుడ్డల దెబ్బకి ఫ్రాన్స్ 1686లో నిషేధం పెట్టిందని. ముందురాత్రి బట్టీ పట్టిందే, కానీ బాగా పలికింది. అంతలో ఒకతను అడిగాడు, ఆకులన్నీ నీలంగా ఉన్నాయేంటని.

ఒక్క క్షణం ఆగి, "మా దగ్గర నీలం కృష్ణుడి రంగు, చెట్టుని దైవంగా చూస్తారు కాబట్టి ఆకులకి నీలం వేశారు" అన్నా. నిజం చెప్తున్నా, ఆ ముక్క నేను ఎక్కడా చదవలేదు, ఎవరూ చెప్పలేదు, నోటికొచ్చేసింది. అందరూ తలలూపారు. ఒకమ్మాయి రాసుకుంది కూడా.

మేడం నవ్వకుండా, "అది ఈ గుడ్డలో ఎక్కడ కనిపించింది నీకు?" అంది. నేను గుడ్డ వైపు చూస్తూ నిలబడ్డా. ఆవిడ తొందరపెట్టలేదు, అదే చంపేసింది. నిమిషం గడిచాక ఆ రాసుకున్న అమ్మాయే, "మొత్తం చెట్టులో ఆకుపచ్చే లేదు, ఏదో రంగు పోయినట్టుంది" అంది.

అదే నిజం. గుడ్డని కరక్కాయ, గేదె పాలలో నానబెట్టి, తుప్పు ఇనుము, బెల్లం ఊరబెట్టిన నీళ్లతో నల్ల గీతలు గీసి, ఎరుపు రావాల్సిన చోట పటిక రాసి చిరివేరు అనే ఎర్ర రంగు వేరుతో ఉడికిస్తారు. నీలం కావలసిన చోటు వదిలి మిగతాదంతా మైనంతో మూసి నీలిమందులో ముంచుతారు. చివర్లో ఆ నీలం మీద పసుపు రంగు పూస్తే ఆకుపచ్చ అవుతుంది. నీలం గట్టిది, పసుపు వెలుతురుకి ఆగదు. రెండున్నర శతాబ్దాల్లో పసుపు పోయి నీలం మిగిలింది, మధ్యలో కృష్ణుణ్ణి నేను ఇరికించా. తర్వాత మేడం మామూలుగానే, "నువ్వు అక్కడివాడివే కదా, ఇప్పుడు ఎలా చేస్తున్నారు?" అంది. పెడన నాకు రైలు కిటికీలోంచి తప్ప తెలీదు. చెవులు కాలిపోయాయి.

మన దేశం గురించి ఇక్కడ ఏం చెప్పినా నమ్ముతారు, ఆ అలుసు మనలో చాలామందికి ఉంది. పాట్‌లక్‌లలో, అంటే తలా ఒక వంట తెచ్చుకునే విందుల్లో, యోగా గురించి, వేదాల గురించి దంచే అన్నలూ, మిమ్మల్నే అంటున్నా. నన్నూ కలుపుకునే.

రాత్రి అమ్మకి ఫోన్ చేసి ఏడ్చినంత పని చేశా. "ఒరే, నువ్వు అక్కడ కప్పుకుంటున్న దుప్పటి ఎక్కడిదనుకున్నావురా? మీ అమ్మమ్మ పెడనలో కొన్నదే" అంది. మంచం మీద చూస్తే అదే, చెక్క అచ్చుతో అద్దింది, ఒక మూల అచ్చు కొంచెం జరిగి పువ్వు రెండుగా పడింది. ఏడాదిన్నరగా కప్పుకుంటున్నా, ఒక్కసారీ చూడలేదు.

పేపర్ కోసం మళ్లీ అపాయింట్‌మెంట్ తీసుకున్నా, ఈసారి నంబరుతో, పెన్సిల్‌తో. భూతద్దం ఇస్తారు, అడగండి, అడిగితేనే ఇస్తారు. రెండు గంటలు కూర్చున్నా. అంచు ఒకచోట లోపలికి మడిచి కుట్టి ఉంది, కుట్టు కాస్త ఊడింది. చూపించమంటే మేడమే చేతులకి గ్లోవ్స్ వేసుకుని మెల్లగా ఎత్తింది. వెలుతురు తగలని ఆ మడతలో సగం ఆకు ఉంది, ఆకుపచ్చగా. ఆవిడ కూడా అది ఇంతకుముందు చూడలేదట.

పేపరంతా ఆ సగం ఆకు గురించే రాశా. బీ ప్లస్ ఇచ్చింది. ఫుట్‌నోట్లు సరిగా లేవట. ఆకు కనిపెట్టింది నేనండీ, ఏ మైనస్ అన్నా ఇవ్వొచ్చు కదా.