నొప్పి తగ్గినంత మాత్రాన పన్ను బాగుపడినట్టు కాదు

పిప్పి పన్ను గురించి మా చిత్తూరు వైపు తరచూ వినబడే మాట, "నరం తీయించుకునేదెందుకు, పీకించేస్తే పోతాది కదా" అని. నరం తీయడమంటే రూట్ కెనాల్ చికిత్స. మా నాయన కూడా అదే అన్నాడు. కింది దవడలో పెద్ద పన్ను పుచ్చి, వేడి కాఫీ తగిలితే ప్రాణం జివ్వుమనేది ఆయనకు. రాత్రి పడుకుంటే మరీ ఎక్కువ. పడుకున్నప్పుడు తలవైపు రక్తపు ఒత్తిడి పెరుగుతుంది, పన్ను లోపలేమో వాపు సాగడానికి చోటుండదు. లవంగ నూనె పెట్టుకుని కొన్నాళ్లు నెట్టుకొచ్చాడు. ఉన్నట్టుండి నొప్పి పోయింది. "చూస్తివా పాపా, తగ్గిపాయె" అని సంబరపడ్డాడు. నాకు టెన్షన్ మొదలైంది అప్పుడే.

నొప్పి పోయింది లోపల నరం చచ్చిపోవడం వల్ల. పంటి నడిమధ్యన నరాలు, రక్తనాళాలు ఉండే మెత్తని భాగం ఉంటుంది, దాన్నే పల్ప్ అంటారు. పుచ్చు అక్కడిదాకా పోతే క్రిములు పల్ప్‌ను చంపేసి, వేరు కొస దాటి ఎముకలోకి దిగుతాయి. గాంధీ రోడ్డులో ఎక్స్‌రే తీయిస్తే వేరు కొస చుట్టూ నల్లటి నీడ కనబడింది. అంటే అక్కడ ఎముక కరిగింది. చిగురు మీద చీము పొక్కు కూడా ఉంది. యాంటీబయాటిక్ మాత్రలతో పోదా అని అడిగాడు నాయన. మందు రక్తంతో పాటే పోవాలి, చచ్చిన పల్ప్‌లో రక్తప్రసరణే లేదు. వాపు తగ్గినట్టనిపించినా, మూలం లోపలే ఉండిపోతుంది.

రూట్ కెనాల్‌లో చేసేది ఆ మూలాన్ని శుభ్రం చేయడమే. దవడకు మత్తు సూది వేస్తే పెదవి మొద్దుబారింది. పంటి చుట్టూ రబ్బరు గుడ్డ బిగించారు, నోట్లోని ఉమ్మి లోపలికి పోకుండా. పైనుంచి రంధ్రం చేసి, ఫైళ్లు అనే వెంట్రుక లాంటి సన్నని గరుకు సూదులను వేర్లలోపల పల్ప్ ఉండే కాలువల్లోకి దించారు. ఒక్కో ఫైలుకీ చిన్న రబ్బరు బిళ్ల ఉంది, ఎంత లోతు దించాలో గుర్తుకు. ఫైలు వేరు కొస చేరగానే పక్కనున్న మిషన్ కీచుమంది. మధ్యమధ్యలో క్రిములను చంపే సోడియం హైపోక్లోరైట్‌తో కడుగుతుంటే గదంతా బ్లీచింగ్ వాసన. ఈ పంటికి మామూలుగా రెండు వేర్లు, మూడు కాలువలు. కొందరికి నాలుగుంటాయి. ఒక్కటి వదిలేసినా క్రిములు మళ్లీ పెరుగుతాయి కాబట్టి డాక్టరమ్మ ఓపిగ్గా వెతకడం నాకు నచ్చింది. మొదటిసారి లోపల క్రిములను చంపే కాల్షియం హైడ్రాక్సైడ్ మందు పెట్టి మూసి పంపారు. తర్వాతి సిట్టింగ్‌లో గట్టాపెర్చా అనే గులాబీ రంగు సన్నని పుల్లలతో కాలువలు నింపి, మిగిలిన కొసలను కాల్చిన పనిముట్టుతో కోసేశారు. అది ఒక చెట్టు పాల నుంచి తీసే పదార్థమట, నాయనకు ఆ సంగతి తెగ నచ్చింది.

పీకించేస్తే పక్క పళ్లు ఆ సందులోకి ఒరుగుతాయి, పై పన్ను కిందికి దిగుతుంది. బ్రిడ్జి, అంటే పక్క పళ్ల ఆధారంతో నిలిచే కట్టుడు పన్ను, కట్టించాలంటే మంచి పళ్లను అరగదీయాలి. ఉడకబెట్టిన వేరుశనక్కాయలు లేకుండా సాయంత్రం గడవని మనిషికి ఆ పన్ను ఉండాలి. అయితే అన్ని పళ్లూ నిలవవు. వేరు నిలువునా చీలితే మామూలుగా పీకించక తప్పదు.

రూట్ కెనాల్ అయ్యాక పంటి మీద తొడిగే క్యాప్ మాత్రం ఆలస్యం చేయకండి. రంధ్రం చేసిన దవడ పన్ను బలహీనపడి పగిలే ప్రమాదం ఉంది. క్యాప్ వేసేదాకా ఆ పక్క నమలకూడదు.

ఇప్పుడు పంటినొప్పితో ఉన్నవాళ్లకు ఒక్క మాట. వాపు దవడ కిందికి, మెడకు పాకినా, నోరు తెరవలేకపోయినా, మింగడం కష్టమైనా, జ్వరం వచ్చినా తెల్లారేదాకా ఆగొద్దు. ఊపిరికి అడ్డుపడే స్థితి కూడా రావచ్చు. షుగర్ ఉన్నవాళ్లయితే మరీ జాగ్రత్త. ఆ రాత్రే దగ్గర్లోని పెద్దాసుపత్రికి పోండి.