పెర్త్ వెళ్తే జట్టు మారాలా?

"మనం ఇల్లు మారితే నేను టీమ్ ఎందుకు మారాలి?" అని మా పెద్దవాడు అడిగిన దగ్గర్నుంచి నా మనసు మనసులో లేదు. పన్నెండేళ్ళవాడు. కోపంగా కూడా అనలేదు, నిజంగా తెలుసుకుందామనే అడిగాడు.

మేం ఉండేది సిడ్నీలో. మా ఆయనకి దేశం పడమటి చివరన ఉన్న పెర్త్‌లో ఒక మైనింగ్ కంపెనీలో ఉద్యోగం వచ్చింది. వెళ్ళాలా వద్దా ఇంకా తేల్చుకోలేదు. చిన్నది బీచ్ అనగానే ఒప్పేసుకుంది. వీడిని ఒప్పించడానికి నేను రగ్బీ లీగ్‌ని పట్టుకున్నాను. 2027 నుంచి ఆ ఆటలో ఆస్ట్రేలియాలోకెల్లా పెద్ద పోటీ అయిన ఎన్‌ఆర్‌ఎల్‌లోకి పెర్త్ బేర్స్ అని కొత్త జట్టు వస్తోంది, మాల్ మెనింగా కోచ్. ఒక జట్టు ఆడే మొట్టమొదటి మ్యాచ్ నుంచీ వెంట ఉండొచ్చు, ఆ అదృష్టం ఎంతమందికి దొరుకుతుంది అన్నాను. "అది నార్త్ సిడ్నీ వాళ్ళ టీమ్ కదమ్మా" అన్నాడు. ఆ తర్వాత వచ్చిందే పై ప్రశ్న.

వాడన్నది నిజం. 1908లో సిడ్నీలో ఈ పోటీ మొదలైనప్పుడు ఉన్న క్లబ్బుల్లో నార్త్ సిడ్నీ బేర్స్ ఒకటి. గ్లీబ్, న్యూటౌన్, బాల్మెయిన్, సౌత్ సిడ్నీ, ఇలా పేటకొక జట్టు. ఆ పేటలో కాపురం ఉన్నవాళ్ళే ఆ జట్టుకి ఆడాలన్న నియమం కూడా చాలాకాలం నడిచింది. నార్త్ సిడ్నీ 1921, 1922లో గెలిచింది, మళ్ళీ ఎప్పుడూ గెలవలేదు. 90లలో సూపర్ లీగ్ అని పోటీగా ఇంకో లీగ్ పుట్టి, గొడవై ఆట రెండుగా చీలింది. మళ్ళీ కలిశాక 1998లో 20 జట్లున్నాయి, వాటిని 2000 కల్లా 14కి కుదించారు. బాల్మెయిన్, వెస్టర్న్ సబర్బ్స్ కలిసి వెస్ట్స్ టైగర్స్ అయ్యాయి. నార్త్ సిడ్నీని పక్కనున్న మ్యాన్లీతో కలిపారు. ఆ కాపురం మూడేళ్ళు కూడా సరిగ్గా సాగలేదు. చివరికి మ్యాన్లీ మిగిలింది. బేర్స్ మాత్రం అప్పటి నుంచీ రెండో స్థాయి పోటీలోనే ఆడుతున్నారు. ఇప్పుడు ఆ పేరూ, ఆ ఎలుగుబంటి గుర్తూ, ఆ ఎరుపు నలుపు రంగులూ సుమారు 3,300 కిలోమీటర్ల అవతల పెర్త్‌లో మళ్ళీ పైకి వస్తున్నాయి.

వాడికి ఇవన్నీ కంఠతా వచ్చు. నాకు వాడి వల్లే తెలిశాయి. మొదట్లో ఇదంత పెద్ద విషయంగా అనిపించలేదు, ఎందుకంటే నాకు జట్టు మారడం కష్టమైన పనిగా ఎప్పుడూ లేదు. 2009లో డెక్కన్ ఛార్జర్స్ ఐపీఎల్ గెలిచిన రాత్రి మా హాస్టల్ హాస్టలంతా కేకలు వేశాం. 2012లో ఆ ఫ్రాంచైజీ రద్దయింది, 2013లో సన్‌రైజర్స్ వచ్చింది, మేం ఆరెంజ్ రంగుకి మారిపోయాం. మాలో ఎవరికీ బాధ ఉన్నట్టు కూడా గుర్తులేదు. ఎక్కడో జరిగిన వేలంలో పుట్టిన జట్టు, ఇంకో వేలంలో పోయింది. దాని మీద మాకు ఇష్టం ఉండేది గానీ, దానిలో మా వీధి లేదు.

మా వాడి జట్టు ఈల్స్ అలాంటిది కాదు. మేం ఉండేది వెంట్‌వర్త్‌విల్‌లో, ప్యారమాటా పక్కనే. ఈల్స్ అంటే ప్యారమాటా జట్టే, 1947లో పోటీలోకి వచ్చింది. మొదటి కప్పు 1981లో. ఆ రాత్రి సంబరంలో అభిమానులే కంబర్లండ్ ఓవల్ స్టాండ్‌ని తగలబెట్టారు. ఆఖరి కప్పు 1986లో. అంటే మా వాడు పుట్టక ముందు, మేం ఈ దేశం రాకముందు, ఆ మాటకొస్తే నేను పుట్టక ముందు. 2022లో గ్రాండ్ ఫైనల్ దాకా వెళ్ళి పెన్‌రిత్ చేతిలో 28-12తో ఓడిపోయారు. అప్పుడు వాడు దుప్పటి ముసుగేసుకుని పడుకుంటే, గెలిచేవాళ్ళని ఎంచుకోవచ్చు కదరా, పెన్‌రిత్ కూడా మనకి దగ్గరే కదా అన్నాను. పెన్‌రిత్ 2021 నుంచి 2024 దాకా వరసగా నాలుగు కప్పులు కొట్టింది, సలహాలో లెక్క తప్పేమీ లేదు. కానీ వాడు మర్నాడు సాయంత్రం దాకా నాతో మాట్లాడలేదు.

స్టేడియంలో వాడి ముందు వరసలో ఒక ముసలాయన కూర్చుంటాడు. 86 గురించి చెబుతుంటాడు, వీడు వింటాడు. మా నాన్నగారు తెనాలి కబుర్లు ఫోన్‌లో చెబుతుంటే "హూ" అని తప్పించుకునే పిల్లాడు ఈయన దగ్గర చెవులప్పగించి కూర్చుంటాడని తెలిసి నాకు అసూయ కలిగింది. అవును, అసూయే. దాన్ని ఇంకో పేరుతో పిలవలేను.

వాడితో నేను రోజూ గట్టిగా చెప్పే మాట ఒకటుంది. ఎక్కడున్నా మన ఊరిని మర్చిపోకూడదని. తాతయ్యకి ఇంగ్లీషులో జవాబిస్తే ఊరుకోను. తెలుగు బడి మానేస్తానంటే ఒప్పుకోలేదు, పోరాడి పంపిస్తున్నాను. వాడు సెలవుల్లో తప్ప చూడని ఊరి మీద వాడికి మమకారం ఉండాలని పట్టుబట్టే నేనే, వాడు నడిచి తిరిగిన ఊరిని మాత్రం ఒక సబర్బ్ అన్నాను, ఇలాంటివి అక్కడా ఉంటాయి అన్నాను. ఈ రెండు మాటలూ ఒకే నోటి నుంచి ఎలా వస్తున్నాయో నాకు తెలియడం లేదు. పిల్లలకి మూలాలు కావాలంటాం. అవి మనం చూపించిన చోటే దిగాలని కూడా కోరుకుంటామేమో.

నిజానికి పోటీలోకి కొత్త ఊళ్ళ జట్లు రావడానికి నేను వ్యతిరేకిని కాను. 17 జట్లలో 9 సిడ్నీలోనో, దాన్ని ఆనుకునో ఉంటే, దాన్ని దేశమంతటి పోటీ అనడం ఏం న్యాయం? పెర్త్‌కి 1995లో వెస్టర్న్ రెడ్స్ అని ఒక జట్టు ఇచ్చి, మూడు సీజన్లకే మూసేశారు. అప్పుడు ఆ జెర్సీ వేసుకున్న పిల్లలు కూడా పిల్లలే కదా. 2023లో బ్రిస్బేన్ పక్క రెడ్‌క్లిఫ్ నుంచి డాల్ఫిన్స్ వచ్చారు. 2028లో పాపువా న్యూగినీ జట్టు రాబోతోంది, దానికీ, పసిఫిక్ దేశాల్లో ఈ ఆటకీ కలిపి ఆస్ట్రేలియా ప్రభుత్వం పదేళ్ళలో 60 కోట్ల డాలర్లు పెడుతోంది. ఆటని ప్రాణంగా చూసుకునే దేశం అది. బయటి నుంచి వచ్చినదాన్ని, కొత్తవాళ్ళకి చోటివ్వొద్దని నేను ఎలా అనగలను?

బేర్స్ సంగతిలోనే నా మనసు రెండుగా ఉంది. పాత నార్త్ సిడ్నీ అభిమానుల్లో కొందరికి సంతోషం, పేరు ఎక్కడో ఒకచోట బతికింది చాలు అని. ఇంకొందరికి అది తమది కాదు. పేరు, రంగు, గుర్తు పెట్టెలో సర్దుకుని దూరదేశం పోయి బతకడం మనకి కొత్త కాదు. మనం చేసింది అదే. అది చావు కాదని నాకు తెలుసు, మొత్తం బతుకూ కాదని కూడా తెలుసు. పేటలో పిల్లలు శనివారం పొద్దున ఆడే గ్రౌండు, దాన్ని చూసుకునే మనుషులు మిగిలితేనే ఆ పేరుకి వెనక ఏదైనా ఉంటుంది. పోటీ నడిపేవాళ్ళు టీవీ హక్కుల లెక్క ఎంత బాగా చూస్తారో ఇదీ అంత బాగా చూడాలి. పెర్త్ టైము సిడ్నీకి రెండు గంటలు వెనక కాబట్టి రాత్రి ఇంకో మ్యాచ్ చూపించుకోవచ్చు, సరే. నార్త్ సిడ్నీ పిల్లలకి మిగిలేదేమిటో కూడా చెప్పాలి.

సౌత్ సిడ్నీ కథ వాడికి ప్రాణం. 1999 తర్వాత తీసేస్తే వేలమంది వీధుల్లోకి వచ్చారు, కోర్టుకెళ్ళారు, 2002లో తిరిగొచ్చారు, 2014లో కప్పు గెలిచారు. ఈ కథ చెప్పి వాడు నన్ను ఆశగా చూస్తాడు, గట్టిగా వద్దంటే మన ప్రయాణం కూడా ఆగిపోతుందేమో అన్నట్టు.

ఇలాంటి పరిస్థితిలో ఉన్న తల్లిదండ్రులకి నేను ఒక సలహా రాద్దామనుకున్నాను, వెళ్ళే ముందు పిల్లల్ని ఏం పోగొట్టుకుంటారో అడగండి అని. రాయబోతుంటే నాకే అనుమానం వచ్చింది. అడిగి, అంతా విని, ఆ తర్వాత కూడా వెళ్ళిపోతే ఆ అడగడం దేనికి? మా నాన్నగారు నన్ను అడిగారు, నీకు ఇక్కడ ఏం తక్కువని. నేను విన్నాను. విని వచ్చేశాను.

మా ఆయన ఒక్కడే వెళ్ళి రెండు వారాలకోసారి వచ్చిపోయే పద్ధతి కూడా ఉంది, గనుల్లో చాలామంది అలాగే చేస్తున్నారు. నాకది ఇష్టం లేదు. పిల్లలకి జట్టు ముఖ్యమా, నాన్న ముఖ్యమా అన్నప్పుడు నా దగ్గర జవాబుంది. కానీ వాడిని ఆ ప్రశ్న అడగను. పన్నెండేళ్ళవాడి ముందు పెట్టాల్సిన తూకం కాదది. పెర్త్ వెళ్ళినా ఈల్స్ జెర్సీయే వేసుకుంటానన్నాడు, సరే అన్నాను. శుక్రవారం రాత్రి ఎనిమిదింటి మ్యాచ్ అక్కడ ఆరింటికే వస్తుంది, భోజనాలు ఆలస్యమైతే అవుతాయి.

సిడ్నీ నుంచి పెర్త్ వెళ్ళిన తెలుగు కుటుంబాలు ఎవరైనా దీన్ని చదివితే రాయండి. అద్దెలు, ఇళ్ళ ధరలు, స్కూళ్ళు అన్నీ కనుక్కున్నాం. అది వెస్ట్ కోస్ట్ ఈగల్స్, ఫ్రీమాంటిల్ డాకర్స్ ఊరని, అక్కడ ఫుట్టీ అంటే రగ్బీ లీగ్ కాదు, ఆస్ట్రేలియన్ రూల్స్ అనే వేరే ఆటని కూడా తెలుసు. నాకు కావాల్సింది ఒక్కటే. మీ పిల్లాడు అక్కడ మొదటి చలికాలం శనివారాలు ఎక్కడ గడిపాడు, ఎవరితో గడిపాడు?