పెళ్లి విస్తరి నుంచి నర్సరీ సంచి దాకా: మాఘం–ఆషాఢం పురోగతి

మిద్దెతోటకు ఎరువు చేసుకునే సరదా ముదిరి, రాజమండ్రి శివార్లలో మా బావగారి ఫంక్షన్ హాలు పెరట్లోకి చేరింది. పెళ్లి మర్నాడు ట్రాక్టరొచ్చి ఎంగిలి విస్తళ్లు, చెత్త మొత్తం ఎత్తుకెళ్లి డంపింగ్ యార్డులో పోసేది. చెత్తను పుట్టినచోటే వేరు చేయాలని 2016 నాటి ఘన వ్యర్థాల నియమాల్లోనే చెప్పారు. పెరట్లో ఎరువు చేయడానికి బావగారు ఒప్పుకున్నది మాత్రం ట్రాక్టరు కిరాయి కలిసొస్తుందని.

మాఘం

ఎరువు చేయడం తేలికే. కష్టమంతా చేతులు కడుక్కునే చోట ఉంది. అక్కడ ఒక్క టబ్బులో విస్తరి, నీళ్ల సీసా, ఐస్‌క్రీం కప్పు కలిశాయా, ఇక ఎవరూ విడదీయలేరు. బోర్డులు దండగ. భోంచేసి తాంబూలం కోసం వెళ్లేవాళ్లు బోర్డులు చదువుతారా? నీళ్ల సీసాల డబ్బా మూతకు సీసా పట్టేంత గుండ్రటి కంత కోయించాం, విస్తరి అందులో దూరదు. విస్తళ్ల టబ్బు దగ్గర క్యాటరింగ్ కుర్రాణ్ణి నిలబెట్టి, అతని కూలి బుకింగ్ రోజే బిల్లులో రాయించాం. సీసాలు, అట్టపెట్టెలు పాతసామాన్ల కొట్టుకు పోతాయి.

విస్తళ్లలోనూ తిరకాసుంది. పుల్లలతో కుట్టిన అడ్డాకు విస్తరి, అరిటాకు, వక్కపట్ట ప్లేటు భేషుగ్గా కుళ్లుతాయి. మిషన్‌లో నొక్కిన విస్తళ్లకు కొన్నిటికి ప్లాస్టిక్ పొర అంటిస్తారు. రాత్రి నీళ్లలో నానబెట్టి పొద్దున చింపితే ఆ పొర చేతికొస్తుంది. కొనేముందే ఈ పరీక్ష చేయాలి.

వైశాఖం

వరస ముహూర్తాలు. ఎరువు కుప్ప వేసే పద్ధతి ఇది: ఎంగిలిని ముందు చిల్లుల డ్రమ్ములో పోసి సాంబారు, మజ్జిగ కారిపోనివ్వాలి. తర్వాత గంప ఎంగిలికి రెండు గంపల పొడి సరుకు: కోనసీమ పీచు మిల్లుల కొబ్బరి పొట్టు, ఎండాకులు. అరిటాకులు కత్తితో ముక్కలు చేయాల్సిందే, లేకపోతే పొరలుగా అతుక్కుని గాలి ఆడదు, కంపు మొదలవుతుంది. పైన జానెడు పొట్టు కప్పితే ఈగలు ముసరవు. లోపల వేడి 55–65 డిగ్రీల మధ్య ఉండాలి. అంతకు మించినా, బాగా పడిపోయినా తిరగేస్తాను. గుప్పెడు తీసి పిండితే ఒకటి రెండు చుక్కలు రాలాలి. ఈ ఎండలకు పైపొర తొందరగా ఆరిపోతుంది, సాయంత్రం నీళ్లు చల్లక తప్పదు.

స్టేజీ పూలు కడియపులంక నుంచి వస్తాయి. బంతి, చామంతి కుప్పకు మంచి మేత. వాటి వెంట వచ్చే నైలాన్ దారం, బైండింగ్ వైరు, పిన్నులు ఏరడానికే చచ్చేంత పని. పూలు గుచ్చే ఆ పచ్చటి స్పాంజి కూడా ప్లాస్టిక్ జాతే, మట్టిలో కలవదు. డెకరేషన్ ఒప్పందంలో ఇప్పుడు రెండు మాటలు చేర్చాం: దండలకు నూలు దారం, తెచ్చిన థర్మోకోల్ తిరిగి తీసుకెళ్లడం.

ముట్టని అన్నం, కూరలు కుప్పకు రానివ్వను. వేడి పోకముందే దగ్గర్లోని హాస్టలుకు పంపిస్తున్నారు.

ఆషాఢం

ముహూర్తాల్లేవు, హాలు ఖాళీ. కుప్ప మాగడానికి ఇంతకన్నా మంచి నెల లేదు! వానకు టార్పాలిన్ కప్పాను. ముందు వేసిన కుప్పను జల్లెడ పట్టాను. అడ్డాకు పుల్లలు, వక్కపట్ట ముక్కలు మిగిలితే కొత్త కుప్పలో వేస్తాను. పెళ్లి వంటల్లో ఉప్పు ఎక్కువ కాబట్టి, ఎరువు, మట్టి చెరిసగం కలిపి పెసలు చల్లి చూశాను. మొలక ఆకులు అంచులు మాడకుండా పచ్చగా వచ్చాయి. కడియం నర్సరీ ఆయన ఒకరు మొలకలు చూసి, బంతి నారుకు వాడిచూస్తానని సంచులు పట్టుకెళ్లారు.

నాన్‌వెజ్ రిసెప్షన్ ఎంగిలి ఇంకా మున్సిపాలిటీ బండికే పోతోంది. ఎముకలకు కుక్కలు కుప్ప తవ్వేస్తాయి. శ్రావణంలోపు ఇనుప మెష్‌తో మూతున్న తొట్టి కట్టించగలిగితే అదీ మొదలుపెడతాను. మేస్త్రీతో బేరం నడుస్తోంది.