12,300 రూపాయల కోసం రెండు రోజులు

జులై 2న అమ్మను వెంటబెట్టుకుని మా మండల కేంద్రంలోని పోస్టాఫీసుకు వెళ్లాను. అమ్మకు 73 ఏళ్లు. నాన్న పోయాక చేతికి వచ్చిన డబ్బులో 6 లక్షలు సీనియర్ సిటిజన్ల పొదుపు పథకంలో వేసింది. 8.2 శాతం వడ్డీ, అంటే మూడు నెలలకు 12,300 రూపాయలు. షుగరు మాత్రలు, మోకాళ్ల నొప్పుల మందులు, గ్యాసు బండ, పాల బాకీ అన్నీ దాంతోనే. అన్నయ్య ఇస్తానన్నా, నేను ఇస్తానన్నా తీసుకోదు. "మీ నాన్న ఇస్తున్నారుగా, మీరెందుకమ్మా" అంటుంది. ఆ డబ్బు అమ్మకు వడ్డీ కాదు.

నేను ఒంగోలులో ఒక ప్రైవేటు పాఠశాలలో లెక్కలు చెబుతాను. సెలవు పెడితే ఆ రోజు జీతం పోతుంది. అయినా అమ్మను ఒంటరిగా పంపలేను. ఆఫీసు ముందు నాలుగు మెట్లున్నాయి, పట్టుకోవడానికి కమ్మీ లేదు. కిందటిసారి సంతకం కలవలేదని ఫారం వెనక్కి ఇచ్చారు. అందుకని ఈసారి వారం ముందు నుంచే అమ్మ పాత క్యాలెండరు కాగితం వెనక సంతకం సాధన చేసింది. ఇరవై సంతకాలకు పైగా ఉన్నాయి ఆ కాగితం మీద. చూసి నాకు గుండె చెరువైంది.

తొమ్మిది నలభైకి చేరాం. మూడు కౌంటర్లుంటే మనిషి ఉన్నది ఒక్క దాని దగ్గరే. స్పీడ్ పోస్టు, పొదుపు ఖాతాలు, సుకన్య ఖాతాలు అన్నీ ఆ ఒక్క ఉద్యోగినే చూడాలి. అప్పటికే పదిహేను మంది ఉన్నారు. కూర్చోవడానికి రెండే కుర్చీలు. ఒక దాంట్లో చంటిపిల్లతో ఒక అమ్మాయి, రెండో దాంట్లో మా అమ్మ కంటే పెద్దావిడ. అమ్మ గోడకు ఆనుకుని నిలబడింది. మా వరకు ఇంకా నలుగురే ఉన్నారనగా ఒక ఏజెంటు పక్క తలుపు నుంచి లోపలికి వెళ్లి రికరింగ్ డిపాజిట్ పాసుపుస్తకాల కట్ట బల్ల మీద పెట్టాడు. ముందు ఆ కట్ట పని జరిగింది. నలభై నిమిషాలు వరుస ఒక్క అడుగు కదల్లేదు.

ఏజెంటును నేను తప్పుపట్టను. ఆ పుస్తకాలూ మా ఊళ్లలో కూలి చేసుకునే ఆడవాళ్లవే. కానీ ఏజెంట్ల పనికి మధ్యాహ్నం వేళ ఒకటి కేటాయించి గోడ మీద రాసి పెట్టడానికి ఎంత ఖర్చవుతుంది?

పదకొండున్నరకు "సర్వర్ రావడం లేదు" అన్నారు. ఎప్పుడు వస్తుందని అడిగితే తెలియదన్నారు. ఉండాలా, వెళ్లాలా అని అడిగాను. "మీ ఇష్టం" అన్నారు. పోస్టుమాస్టరు గారు లోపలి గదిలోనే ఉన్నారు, తెర సందులోంచి కనిపిస్తున్నారు. రెండు నిమిషాలు బయటికి వచ్చి ఇంతమందికి ఒక మాట చెప్పి ఉంటే దూరం నుంచి వచ్చినవాళ్లు ఏదో ఒకటి నిర్ణయించుకునేవాళ్లు. రాలేదు. అమ్మను బయట వేపచెట్టు కింది అరుగు మీద కూర్చోబెట్టి, ఇంటి నుంచి తెచ్చిన ఇడ్లీ తినిపించాను.

మూడు గంటలకు మా వంతు వచ్చింది. సంతకం కలిసింది. అమ్మ ముఖం వెలిగింది. అప్పుడు ఆ ఉద్యోగిని సొరుగు తెరిచి చూసి, "పెద్దమ్మా, క్యాష్ అయిపోయింది, రేపు రండి" అంది.

ఆ మాట దగ్గరే నా ఓపిక నశించింది. సబ్ పోస్టాఫీసులో ఇంత నగదు మాత్రమే ఉంచుకోవాలని పరిమితి ఉంటుంది, నాకు తెలుసు. ఎక్కువైతే హెడ్ పోస్టాఫీసుకు పంపాలి, తక్కువైతే అక్కడి నుంచి తెప్పించుకోవాలి. అయితే ఈ పథకం వడ్డీ పడే రోజు హఠాత్తుగా ఊడిపడేది కాదు. ఏప్రిల్, జులై, అక్టోబరు, జనవరి నెలల మొదటి పనిదినం. ఏడాది ముందే తెలుసు. ఆ ఆఫీసులో ఇలాంటి ఖాతాలు ఎన్ని ఉన్నాయో, ఒక్కో దాంట్లో ఎంత వడ్డీ పడుతుందో వాళ్ల కంప్యూటర్లోనే ఉంది. ఒక కూడిక చేస్తే ఆ వారానికి ఎంత నగదు కావాలో తేలుతుంది. ఏడో తరగతి పిల్లలు చేసే లెక్క అది. ఆ లెక్క ఎవరూ వేయకపోవడం వల్ల 73 ఏళ్ల మనిషి రోజంతా కాచుకుని ఖాళీ చేతులతో ఇంటికి వచ్చింది.

ఆ ఉద్యోగినిని ఒక్క మాట కూడా అనలేకపోయాను. రెండున్నర దాటాక గానీ ఆమె అన్నం డబ్బా తెరవలేదు. రెండు పోస్టులు ఎన్నాళ్లుగానో ఖాళీగా ఉన్నాయట. లోపలి గదిలోకి వెళ్లి ఫిర్యాదు పుస్తకం అడిగాను. "పైవాళ్లకు రాసుకోండి" అన్నారు పోస్టుమాస్టరు గారు, తల ఎత్తకుండానే.

మర్నాడు మళ్లీ సెలవు, మళ్లీ ఆటో. హెడ్ పోస్టాఫీసు నుంచి నగదు సంచి వచ్చేసరికి పన్నెండున్నర. డబ్బు ఇచ్చారు. పాసుపుస్తకంలో మాత్రం ఎక్కించలేదు, ప్రింటరు చెడిపోయిందట. జనవరి తర్వాత అందులో ఒక్క అక్షరం లేదు. అమ్మకు ఫోనులో సందేశం చదవడం రాదు. ఆ పుస్తకంలో అంకె కనిపిస్తేనే డబ్బు ఉన్నట్టు.

ఉత్తరాల సంగతీ అంతే. మేలో అన్నయ్య హైదరాబాదు నుంచి నాన్న మరణ ధ్రువీకరణ పత్రం స్పీడ్ పోస్టులో పంపాడు. మూడో రోజు ఉదయం ఫోనులో చూస్తే 'తలుపు తాళం' అని ఉంది. ఆ వేళ అమ్మ వాకిట్లో చిక్కుడుకాయలు ఒలుస్తూ కూర్చుని ఉంది. వెళ్లి అడిగితే ఉత్తరం బల్ల మీదే ఉంది. ఆ రోజు మా ఊరి బట్వాడాకు మనిషి లేడట. "చిరునామాలో నెల్లూరు జిల్లా అని రాశారు, అందుకూ ఆలస్యమైంది" అన్నారు. కందుకూరు వైపు పల్లె మాది. 2022లో మమ్మల్ని ప్రకాశం జిల్లా నుంచి తీసి నెల్లూరులో కలిపినా పిన్ కోడ్ పాత 523తోనే మొదలవుతుంది. ఉత్తరం దారి చూపేది ఆ అంకెలే, అందుకే కదా 1972లో వాటిని తెచ్చారు. మనిషి లేడని రాస్తే అర్థం చేసుకునేదాన్ని. తలుపు తీసి కూర్చున్న మా అమ్మ ఇంటికి తాళం ఉందని రాయడం అబద్ధం.

జులై 5న కేంద్ర ప్రభుత్వ ఫిర్యాదుల పోర్టల్‌లో తేదీలు, వేళలతో సహా అన్నీ రాశాను. పద్దెనిమిది రోజులకు జవాబు వచ్చింది: ఖాతాదారుకు సొమ్ము చెల్లించడమైనది, ఫిర్యాదు ముగించడమైనది. సొమ్ము ఇవ్వలేదని నేను రాయలేదు. నగదు ముందే ఎందుకు తెప్పించలేదు, ప్రింటరు ఎప్పుడు బాగవుతుంది, ఖాళీలు ఎప్పుడు నింపుతారు అని అడిగాను. మూడింట్లో ఒక్కదానికీ జవాబు లేదు. అప్పీలు చేశాను.

డబ్బు బ్యాంకుకు మార్చేద్దామమ్మా, ఇదే పథకం అక్కడా ఉంది అన్నాను. అమ్మ ఒప్పుకోలేదు. "మీ నాన్న పంపిన మనియార్డర్లు వచ్చింది ఆ ఆఫీసుకే" అంది. ఆయన పొగాకు కొనుగోళ్ల పని మీద ఊళ్లు తిరిగిన రోజుల్లో నెలనెలా ఆ డబ్బు తెచ్చి అమ్మ చేతిలో పెట్టింది పోస్టుమ్యానే.

సెప్టెంబరు 25న పోస్టాఫీసుకు ఫోను చేసి, అక్టోబరు వడ్డీకి నగదు తెప్పిస్తున్నారా అని అడుగుతాను. వాళ్లు ఏం చెప్పినా అదే రోజు డివిజన్ సూపరింటెండెంటు గారికి ఉత్తరం కూడా రాస్తాను. అమ్మ నిన్న రాత్రి మళ్లీ ఆ క్యాలెండరు కాగితం బయటికి తీసింది.