పడమటి కిటికీకి అడ్మిన్ ఎవరు?

పదకొండున్నర దాటింది. అందరూ పడుకున్నారు, ఈయన తప్ప. పక్క గదిలో ఇంకా కిటికీ బ్లైండ్లని (పైకి చుట్టుకునే తెరలని) ఎత్తి దించే మోటార్ల రివ్యూలు చూస్తున్నారు, ఆ వీడియోల హిందీ ఇక్కడిదాకా వినబడుతోంది. నాకేమో సాయంత్రం షోరూమ్ కుర్రాడు అన్న మాట బుర్రలోంచి పోవడం లేదు. "మేడం, యాప్‌లో అడ్మిన్‌గా సార్‌ని పెడదామా, మిమ్మల్నా? మిగతా ఫ్యామిలీకి గెస్ట్ యాక్సెస్ ఇస్తే సరిపోతుంది." అత్తయ్యగారు నా పక్కనే ఉన్నారు. గెస్ట్ అంటే ఏమిటో ఆవిడకి తెలుసు. ఏమీ అనలేదు. ఏదో ఒకటి అనేసి ఉంటే నాకింత టెన్షన్ ఉండేది కాదు.

ఈ మోటార్ల ఆలోచన వచ్చిందే ఆవిడ కోసం. భుజం పట్టేసిన దగ్గర్నుంచి సోఫా వెనక్కి వంగి బ్లైండ్ గొలుసు లాగలేకపోతున్నారు. పగలు ఇంట్లో ఉండేదీ ఆవిడే. ఎండ భరించేదీ ఆవిడే.

హాల్లో పడమటి కిటికీ సంగతి మీకు కొత్త కాదు. ఎండలు మొదలవగానే ఏటా దాన్ని తిట్టుకుంటూ ఒక టపా రాస్తూనే ఉన్నాను. మే రెండో వారంలో హైదరాబాదులో సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వస్తాడు, మన నీడ మన కాళ్ళ కిందే ఉండిపోతుంది. ఆ వేళ మా హాలుకి బాధేమీ లేదు. మూడు దాటాక కిటికీలోంచి ఏటవాలుగా దిగుతాడు చూడండి, ఆరున్నర దాకా వదలడు. టీవీ కనబడదు, సోఫా మీద చెయ్యి పెట్టలేం.

సరే, మోటారు. ఈయన పద్ధతి తెలిసిందే కదా, ముందు ఒక ఎక్సెల్ షీట్ తయారైంది. రేడియో రిమోట్‌తో నడిచేది ఒక గడి. 433 మెగాహెర్ట్జ్, ఇంటర్నెట్ అక్కర్లేదు, నొక్కితే కదులుతుంది. కానీ వాటిలో చాలావాటికి మాట ఒకవైపే. రిమోట్ చెబుతుంది, మోటారు వింటుంది, తిరిగి జవాబివ్వదు. బ్లైండ్ పూర్తిగా దిగిందా, సగంలో ఆగిందా అన్నది ఫోనుకి తెలియదు. వైఫై మోటారు ఇంకో గడి. దానికి 2.4 గిగాహెర్ట్జ్ మాత్రమే కావాలి, మా రౌటరేమో 2.4కీ 5కీ, రెండు బ్యాండ్లకీ ఒకే పేరు పెట్టుకుని కూర్చుంది. జిగ్బీ అని ఇంకో రకం వైర్‌లెస్ అయితే బ్యాటరీ తక్కువ తింటుందట, కానీ మధ్యలో ఒక హబ్, అంటే ఫోను మాట మోటారుకి చేరవేసే చిన్న పెట్టె, ఉండాలి. పైగా కరెంటు మీద నడిచే వస్తువులే సిగ్నల్‌ని పక్కవాటికి అందిస్తాయి, బ్యాటరీవి అందించవు. మా హాలు చివరికి చేరాలంటే మధ్యలో ఒక స్మార్ట్ ప్లగ్గు కూడా కొనాలన్నమాట. ఇవన్నీ ఒకదానితో ఒకటి మాట్లాడుకోవడానికి 2022లో మ్యాటర్ అని ఒక ప్రమాణం వచ్చింది, కిటికీ బ్లైండ్లు మొదటి విడతలోనే అందులో ఉన్నాయి అని ఈయన మురిసిపోయారు. షోరూమ్‌లో అడిగితే "అది కూడా వస్తది సార్" అన్నాడు కుర్రాడు. పెట్టె మీద గుర్తు చూపించమంటే వాట్సాప్‌లో పంపిస్తానన్నాడు. ఇంతవరకూ రాలేదు.

నాకు కావలసినది ఒక్కటే ప్రశ్నకి జవాబు: కరెంటు పోతే?

మోటారు పైన గొట్టంలో కూర్చుంటుంది. గొలుసు తీసేస్తారు. చేత్తో గుంజితే మోటారు పాడవుతుంది. "అయితే బ్యాటరీ మోడల్ తీసుకోండి మేడం." ఛార్జింగ్? "టైప్ సి, కొన్ని నెలలకొకసారి చాలు." కిటికీ పైన ఆ పెల్మెట్ పెట్టె దాకా ఎవరెక్కుతారు? నవ్వాడు. భుజం పట్టేసిన మనిషికి సాయంగా తెచ్చే వస్తువు కోసం ఇంట్లో ఎవరో ఒకరు నిచ్చెన ఎక్కాలన్నమాట. కిటికీకి పదిహేను వేలు. మూడు కిటికీలకీ తీసుకుంటే హబ్ ఫ్రీ.

ఆ మాట పక్కకి వెళ్ళిపోయి సీన్ల మీదికి, అంటే బ్లైండ్లు ఎప్పుడెలా కదలాలో యాప్‌లో ముందే పెట్టుకునే ఏర్పాట్ల మీదికి వచ్చింది. గుడ్ మార్నింగ్ సీన్, మూవీ సీన్, సన్‌సెట్ సీన్. ఒప్పుకోవాలి, సన్‌సెట్ సీన్ నాకు నచ్చింది. మనకి డిసెంబరు మొదట్లో అయిదూ నలభైకే పొద్దు గూకుతుంది, జులై మొదట్లో ఏడు కావస్తుంది. గడియారం టైమర్ పెడితే ఏడాదంతా మారుస్తూ ఉండాలి. ఇదేమో ఊరు చెబితే చాలు, ఏ రోజు లెక్క ఆ రోజు తనే వేసుకుని బ్లైండ్లు దించేస్తుంది. లైట్లేస్తే ఎదురు టవర్ వాళ్ళందరికీ మా హాలు కనిపిస్తుంది కాబట్టి నాకు సరిగ్గా ఆ వేళకే దించాలి.

అత్తయ్యగారికి సరిగ్గా ఆ వేళకే తెరిచి ఉండాలి. దీపం పెట్టే వేళ ఇల్లు మూసుకుని కూర్చోకూడదు. మా ఇద్దరికీ దీని మీద ఎన్నాళ్ళుగానో ఒక ఒప్పందం నడుస్తోంది. దీపం కొండెక్కేదాకా నేను లైట్ వేయను, కొండెక్కాక ఆవిడ బ్లైండ్ గురించి మాట్లాడరు. నూనె ఎంత పోశారన్నదాన్ని బట్టి రోజూ వేళ మారుతుంది. నేను విసుక్కున్న రోజున కాస్త ఎక్కువే పోస్తారని నా అనుమానం. ఇది ఏ యాప్‌లో పెట్టాలి? అడ్మిన్ నేనైతే ఆవిడ గెలవరు, ఆవిడైతే నేను గెలవను, ఈయనైతే ఇద్దరం ఓడిపోతాం.

దీనికంటే అమ్మమ్మ వాళ్ళింట్లో వట్టివేళ్ళ తడికలే నయం అనుకుంటూ వచ్చాను దారంతా. రాజమండ్రిలో, రోహిణి కార్తెలో, వసారా అంచున రెండు పెద్ద తడికలు. పైన గిలక, పక్కన మేకుకి చుట్టిన కొబ్బరి తాడు. పదిన్నరకి దించేవారు. పిల్లలం చెంబులతో తొట్టిలో నీళ్ళు ముంచి కొట్టాలి, కింద కాదు, పై నుంచి, వేళ్ళన్నీ తడిసేలా. వడగాలి వాటిలోంచి దూరి చల్లబడి లోపలికి వచ్చేది. ఆ వాసన నాకు ఇప్పటికీ సెలవుల వాసనే. అరగంటకోసారి తడపాలి. నీళ్ళు సగం మా మీదే పోసుకునేవాళ్ళం. యాప్ లేదు, పాస్‌వర్డ్ లేదు, చెడిపోయేది లేదు. ఒక్క తాడు, ఎవరైనా లాగొచ్చు.

ఇక్కడిదాకా టైప్ చేసి ఆగాను. ఎవరైనా లాగారా? ఎప్పుడూ తాతయ్యే. ప్లీడరుగారి దగ్గర గుమాస్తా పని మానేశాక ఆయన కోర్టు ఆ వసారానే. పడక కుర్చీ తడికకి ఎదురుగా, చల్లగాలి ముందు ఆయనకి. నాలుగింటికి పేపరు చదవడానికి ఒక మూర పైకెత్తేవారు, మళ్ళీ ఆయనే దించేవారు. అమ్మమ్మ వెనక వంటింట్లో, పొయ్యి దగ్గర. అక్కడ తడిక లేదు. మధ్యాహ్నం పూలమ్మాయి కేక వినబడితే ముందుకు వచ్చి తడిక అంచు రెండు వేళ్ళతో పక్కకి నెట్టి వీధిలోకి చూసేది. "వేడి వస్తుందే" అని కుర్చీలోంచి గొంతు. వదిలేసేది.

కాబట్టి ఆ తడికలంటే నాకిప్పుడు సాయంత్రం ఉన్నంత ప్రేమ లేదు.

ఒక్క విషయంలో మాత్రం వాటికే మార్కులు. అవి బయట ఉండేవి. ఎండ గోడ దాటకముందే ఆగిపోయేది. మా బ్లైండ్లు అద్దానికి లోపల, వేడి అప్పటికే ఇంట్లోకి వచ్చేసి ఉంటుంది. చెల్లి వాళ్ళకి జర్మనీలో షట్టర్లు కిటికీ బయటే ఉంటాయి. ఏసీ లేని ఇల్లు, వేసవిలో పొద్దున్నే దించేస్తే హాయిగా ఉంటుందంటుంది. పాతవాటికి గోడలోంచి వచ్చే పట్టీ లాగాలి, వాళ్ళ కొత్తింట్లో గోడకి స్విచ్. ఇక్కడ బయట వెదురు చిక్ కడదామంటే అపార్ట్‌మెంట్ అసోసియేషన్ ఒప్పుకోదు. ఎలివేషన్, అంటే బిల్డింగ్ బయటి రూపు, మారిపోతుందట. ఎదురు టవర్‌లో బట్టలారేసిన తాళ్ళు ఎలివేషన్ కిందికి రావు కాబోలు.

ఈయన భయం వేరే. 2022 ఏప్రిల్లో అమెరికాలో ఇన్‌స్టియాన్ అనే కంపెనీ సర్వర్లు చెప్పాపెట్టకుండా ఆగిపోయాయట. సామాను ఇళ్ళలో ఉంది, యాప్ పని చేయదు. తర్వాత దాన్ని వాడేవాళ్ళలోనే కొందరు కలిసి కంపెనీని కొనుక్కుని మళ్ళీ నడిపించారట. "మనం కొనగలమా?" అని అడిగారు. చాలా సీరియస్‌గా.

అన్నం దగ్గర అత్తయ్యగారిని సూటిగా అడిగేశాను, ఎలాంటిది కావాలని. "నాకు రిమోట్లు వద్దమ్మా, ఉన్న టీవీ రిమోటే దొరికి చావదు. ఫ్యాన్‌కి ఉన్నట్టు గోడకి ఒక స్విచ్ పెట్టించు" అన్నారు.

చెల్లి వాళ్ళింట్లో ఉన్నదీ అదే. కరెంటుతో నడిచే మోటారుకి తీగలు నాలుగే. పైకి ఒకటి, కిందికి ఒకటి, న్యూట్రల్, ఎర్త్. స్విచ్ దగ్గర ఎవరు నిలబడితే వాళ్ళే అడ్మిన్. దీన్ని ఇన్వర్టర్ మీదికి కలిపితే కరెంటు గొడవా తీరుతుంది. ఈయనకి మరీ సరదాగా ఉంటే స్విచ్ వెనక ఒక చిన్న రిలే (ఫోను చెబితే స్విచ్ పని చేసిపెట్టే పరికరం) పెట్టుకుని ఫోన్లోంచి ఆడుకోవచ్చు. ఒక్క హాలుకే, మిగతా రెండు కిటికీలూ గొలుసుతోనే. హబ్ ఫ్రీ మనకొద్దు.

గోడ చెక్కాలి, అదొక్కటే. నిరుడు వేయించిన రంగు. దాని కోసం మళ్ళీ బ్యాటరీ మోడల్ వైపు మనసు లాగుతోంది కొంచెం.

ఇప్పుడే పక్క గదిలోంచి వాట్సాప్. రిలే ఫోటో, కింద "బోర్డులో న్యూట్రల్ ఉందా?" అని. పది అడుగుల దూరం నుంచి. రేపు ఎలక్ట్రీషియన్‌ని రమ్మన్నాను, పెల్మెట్ దగ్గర పాయింటు తీయడానికి ఎంత చెక్కాలో కూడా అతన్నే అడగండి అని రాశాను. బ్లూ టిక్కులు పడ్డాయి. వీడియో మాత్రం ఆగలేదు.